శాస్త్రజ్ఞురాలు రోసలిండ్ ఫ్రాంక్లిన్

లోకంలో కొందరిని వారు సాధించిన పనిని బట్టి తలచుకొంటాము. మరి కొందరిని వారికి జరిగిన అన్యాయాన్ని బట్టి తలచుకొంటాము. ఈ రెండవ కోవలో ఇంగ్లండు శాస్త్రజ్ఞురాలు రోసలిండ్ ఫ్రాంక్లిన్ పేరు ముందుగా చెప్పవలసి ఉంటుంది. డి. ఎన్. ఏ. రూపాన్ని పట్టి ఇచ్చిన ఎక్స్-రే చిత్రం ఆమె పరిశోధనలో పుట్టినది. దానిని ఆమె ఎరుగకుండా ఇతరులు చూశారు. తరువాత నోబెల్ బహుమానం వారికి వచ్చింది. ఈ కథ ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసును. కాని ఆ సంఘటన తరువాత ఆమె అయిదేళ్ళు బ్రతికి ఉన్నదనీ, ఆ అయిదేళ్ళలో ఆర్. ఎన్. ఏ. అనే మరొక అణువును గురించి, దానిని తమలో దాచుకొని తిరిగే వైరస్‌లను గురించి గొప్ప పని చేసినదనీ తెలిసినవారు తక్కువ. ఆమె జీవితాన్ని ఆ వైపు నుంచి కూడా పాఠకుల ఎదుట ఉంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోసలిండ్ 1920 వ సంవత్సరం జూలై 25 వ తేదీన లండను నగరంలో నాటింగ్ హిల్ పేటలో జన్మించింది. అయిదుగురు సంతానంలో ఆమె రెండవది. తండ్రి ఎల్లిస్ ఫ్రాంక్లిన్ బ్యాంకు వ్యాపారి. తరతరాలుగా ఇంగ్లండులో స్థిరపడిన యూదుల కుటుంబం వారిది. కలిగిన ఇల్లే గాని, కలిమిని చూసుకొని మురిసిపోయే ఇల్లు కాదు. పగలు పనిచేసుకొని సాయంకాలం చదువుకొనే కార్మికుల కళాశాలలో తండ్రి పాఠాలు చెప్పేవాడు. హిట్లరు దౌర్జన్యానికి తాళలేక కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన యూదులకు నీడ చూపటంలో ఆ ఇంటివారు ఎంతో శ్రమపడ్డారు. పుట్టి పెరిగిన చోటు వదలి వచ్చినవారి కష్టం ఎటువంటిదో రోసలిండ్ చిన్ననాడే కళ్ళారా చూసింది.

ఆ రోజులలో ఆడపిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు శ్రద్ధగా బోధించే బడులు లండనులో సైతం అరుదు. సెయింట్ పాల్స్ బాలికల పాఠశాల అటువంటి వాటిలో ఒకటి. అక్కడ చదువు ముగించుకొని ఆమె 1938 లో కేంబ్రిడ్జిలో న్యూన్‌హామ్ అనే స్త్రీల కళాశాలలో చేరింది. 1941 లో పరీక్ష నెగ్గింది. నెగ్గినా, పురుషులతో సమానమైన పట్టా స్త్రీలకు ఇచ్చే ఆచారం ఆ విశ్వవిద్యాలయంలో అప్పటికి లేదు. 1948 లో గాని ఆ మర్యాద వారికి దక్కలేదు.

అది యుద్ధకాలం. దేశానికి బొగ్గే ప్రాణం. 1942 లో ఆమె బ్రిటిష్ బొగ్గు వినియోగ పరిశోధన సంఘంలో ఉద్యోగానికి కుదిరింది. రాత్రివేళ బాంబుదాడుల కాపలా, పగలు బొగ్గు పరిశోధన. ఇరవై రెండేళ్ళ పిల్ల చేతికి ఇచ్చిన పని ఏపాటిదిలే అని ఎవరైనా అనుకొని ఉంటే పొరబడ్డట్లే. బొగ్గు పైకి రాయిలా కనిపిస్తుంది గాని దాని లోపల కంటికి ఆనని రంధ్రాలు కోకొల్లలు. ఆ రంధ్రాలలో ఇరుకు చోట్లు ఉంటాయనీ, అవి జల్లెడ మాదిరిగా చిన్న అణువులను పోనిచ్చి పెద్దవాటిని ఆపివేస్తాయనీ ఆమె కొలతలు వేసి చూపింది. ఏ రకం బొగ్గు ఎట్లా కాలుతుందో, ఎందుకు ఉపయోగిస్తుందో ముందుగా అంచనా వేయటానికి ఇది అక్కరకు వచ్చింది. ఈ పని మీదనే 1945 లో కేంబ్రిడ్జి ఆమెకు డాక్టరు బిరుదు ఇచ్చింది.

యుద్ధం ముగిసిన తరువాత 1947 లో ఆమె ప్యారిస్ నగరానికి వెళ్ళింది. అక్కడ ప్రభుత్వ రసాయన పరిశోధనాలయంలో జాక్ మేరింగ్ అనే శాస్త్రజ్ఞుని వద్ద ఎక్స్-రే విద్య నేర్చుకొన్నది. ఆ విద్య ఎట్టిదో ఇక్కడ రెండు మాటలు చెప్పటం మంచిది. ఒక పదార్థం గుండా ఎక్స్-రే కిరణాలు పోనిస్తే, లోపలి అణువుల అమరికను బట్టి ఆ కిరణాలు పలు దిక్కులకు చెదరి, ఎదుట ఉంచిన ఫిలిము మీద చుక్కలుగా, మచ్చలుగా పడతాయి. ఆ మచ్చలు వస్తువు బొమ్మ కావు. ముగ్గు వేసిన చేయి కనపడకపోయినా చుక్కల వరుసను బట్టి ముగ్గును ఊహించినట్లు, ఆ మచ్చల స్థానాన్నీ గాఢతనూ కొలిచి, నెలల తరబడి లెక్కలు కట్టి, లోపలి అమరికను రాబట్టుకోవాలి. చేతి నేర్పు, గణితం, ఓర్పు మూడూ ఒకచోట కూడితే గాని ఇది సాగదు. రోసలిండ్‌కు మూడూ ఉన్నవి. ఏ కర్బన పదార్థాన్ని కాలిస్తే గ్రాఫైటుగా మారుతుందో, ఏది ఎంత కాల్చినా మారదో తేల్చి చెప్పి, 1951 నాటికి ఆ రంగంలో పేరు సంపాదించింది. ప్యారిస్‌లో ఆమె సుఖంగా ఉన్నది. ఫ్రెంచి భాష ఆ ఊరివారిలాగే మాట్లాడేది. సెలవు దొరికితే కొండలు ఎక్కటానికి బయలుదేరేది. వాదన వచ్చినప్పుడు గొంతు పెంచి వాదించేది. ప్యారిస్‌లో ఆ వాదన స్నేహానికి అడ్డు రాలేదు. లండనుకు తిరిగి వచ్చిన తరువాత అదే గుణం చిక్కు తెచ్చిపెట్టింది.

1951 జనవరిలో ఆమె లండను కింగ్స్ కళాశాలలో చేరింది. డి. ఎన్. ఏ. పోగులను ఎక్స్-రేలతో పరిశీలించటం ఆమెకు అప్పగించిన పని. పరిశోధనాలయం అధిపతి జాన్ రాండల్ ఈ పని ఆమెకూ, రేమండ్ గాస్లింగ్ అనే విద్యార్థికీ మాత్రమే అప్పగిస్తున్నట్లు ఆమెకు జాబు వ్రాశాడు. అంతకు ముందే ఆ పని మొదలుపెట్టి ఉన్న మారిస్ విల్కిన్స్‌కు ఆ సంగతి చెప్పలేదు. ఆమె తన సహాయకురాలని ఆయన అనుకొన్నాడు. ఆ పని తనదేనని ఆమె అనుకొన్నది. పెద్దవాడు ఒక్క మాట స్పష్టంగా చెప్పకపోవటం వల్ల ఇద్దరు యోగ్యులు రెండేళ్ళపాటు ఎడమొగం పెడమొగంగా గడిపారు.

అయినా పని ఆగలేదు. డి. ఎన్. ఏ. పోగు పొడిగా ఉన్నప్పుడు ఒక రూపం, తడిగా ఉన్నప్పుడు మరొక రూపం దాలుస్తుందని ఆమె కనిపెట్టింది. ఈ రెండు రూపాలూ కలగాపులగంగా ఉండటం వల్లనే అంతకు ముందటి చిత్రాలు మసకగా వచ్చేవి. తడి రూపాన్ని వేరుచేసి 1952 మే నెలలో ఆమె, గాస్లింగ్ తీసిన చిత్రంలో మచ్చలు ఇంటూ గుర్తు ఆకారంలో స్పష్టంగా పడ్డాయి. మెలి తిరిగిన వస్తువుకు అది ఆనవాలు. 1953 జనవరి చివర విల్కిన్స్ ఆ చిత్రాన్ని కేంబ్రిడ్జి నుంచి వచ్చిన జేమ్స్ వాట్సన్‌కు చూపాడు. ఆమె కొలతలు గల ఒక నివేదిక వేరొక దారిన వాట్సన్‌కూ, ఆయన సహచరుడు ఫ్రాన్సిస్ క్రిక్‌కూ చేరింది. చిత్రం కన్న ఆ కొలతలే వారికి ఎక్కువ పనికివచ్చినవని చరిత్ర శోధించినవారు చెబుతారు. 1953 ఏప్రిల్ 25 వ తేదీ నేచర్ పత్రికలో డి. ఎన్. ఏ. రెండు పేటల మెలి అని వాట్సన్, క్రిక్ ప్రకటించారు. విల్కిన్స్ బృందం వ్యాసం రెండవది గాను, ఫ్రాంక్లిన్, గాస్లింగ్‌ల వ్యాసం మూడవది గాను వెనుక వచ్చినవి. వాట్సన్, క్రిక్‌ల నమూనా సంగతి తెలియక ముందే, ఆ మార్చి నెలలోనే ఆమె వ్రాసుకొన్న చిత్తుప్రతిలో రెండు పేటల సంగతి ఉన్నది. గమ్యానికి ఎంత దగ్గరగా వచ్చి ఉన్నదో దీనిని బట్టి తెలుస్తుంది.

అప్పటికే ఆమె కింగ్స్ కళాశాల వదలిపెట్టింది. 1953 మార్చిలో లండనులోనే ఉన్న బర్క్‌బెక్ కళాశాలకు మారింది. అది కూడా పగలు ఉద్యోగాలు చేసుకొనేవారు సాయంకాలం చదువుకొనే చోటు. అక్కడ భౌతికశాస్త్రానికి పెద్ద జె. డి. బెర్నాల్. పరిశోధనాలయం ఒక పాత మేడ ఇంట్లో ఉండేది. ఆమె గది పై కప్పు క్రింద. ఎక్స్-రే యంత్రం నేలమాళిగలో. కింగ్స్ వదలే ముందు రాండల్ ఒక షరతు పెట్టాడు. ఆమె ఇక డి. ఎన్. ఏ. పని మానవలెనట, దానిని గురించి ఆలోచించటం కూడా మానవలెనట. మనసుకు తాళం వేయగలవారు ఎవరు? అయినా ఆమె తగవుకు పోలేదు. మరొక పని చేపట్టింది.

ఆ పని పొగాకు మొజాయిక్ వైరస్. ఆకు మీద లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు వేసి మొక్కను గిడసబార్చే ఈ తెగులు పొగాకు పండించే తెలుగు రైతులకు తెలియనిది కాదు. వారి పంట కొరకే 1947 లో రాజమహేంద్రవరంలో కేంద్ర ప్రభుత్వం పొగాకు పరిశోధన సంస్థను నెలకొల్పింది. లోకంలో మొదట గుర్తించిన వైరస్ ఇదే. 1892 లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898 లో హాలండులో బైయెరింక్ దీని ఉనికిని చూపారు. 1935 లో అమెరికాలో స్టాన్లీ దీనిని స్ఫటికాలుగా వేరుచేశాడు. మరుసటి ఏడు ఇంగ్లండులో బాడెన్, పిరీ దీనిలో ప్రోటీనుతో పాటు కొద్దిపాటి ఆర్. ఎన్. ఏ. ఉన్నదని కనుగొన్నారు. బెర్నాల్ యుద్ధానికి ముందే దీని ఎక్స్-రే చిత్రాలు తీసి ఉన్నాడు. కాని లోపలి అమరిక తేలలేదు.

ఆర్. ఎన్. ఏ. అంటే ఏమిటి? మన జీవకణాలలో డి. ఎన్. ఏ. పెట్టెలో భద్రపరచిన మూల దస్తావేజు వంటిది. అందులోని సంగతులను పనిచేసే చోటికి మోసుకొని వెళ్ళే నకలు వంటిది ఆర్. ఎన్. ఏ. అయితే పొగాకు వైరస్‌లో డి. ఎన్. ఏ. లేనే లేదు. ఆ ఆర్. ఎన్. ఏ. యే దస్తావేజు, అదే నకలు. 1956 లో జర్మనీలోను, అమెరికాలోను జరిగిన ప్రయోగాలు దీనిని నిరూపించాయి. ప్రోటీను అంతా తీసివేసి ఒక్క ఆర్. ఎన్. ఏ. ను ఆకుకు పూసినా తెగులు పుట్టింది. కాబట్టి ఆ దస్తావేజు వైరస్‌లో ఎక్కడ ఉన్నది, ఎట్లా చుట్టి ఉన్నది అనే ప్రశ్న చిన్నది కాదు.

ఈ వైరస్ ఒక సన్నని కడ్డీ. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే, అటువంటి భాగాలు 300 పొడవు, 18 లావు. ఇటువంటి కడ్డీలను చిక్కని ద్రవంగా సన్నని గాజుగొట్టంలో బారులుతీర్చి, ఎక్స్-రే చిత్రాలు తీయాలి. రోసలిండ్ తీసిన చిత్రాలు అంతకు ముందు ఎవరూ తీయనంత స్పష్టంగా వచ్చినవి. ప్రోటీను ముక్కలు చుట్టు మెట్ల వరుసలో పేర్చి ఉన్నవనీ, ప్రతి మూడు చుట్లకు 49 ముక్కలు ఉన్నవనీ ఆ బృందం తేల్చింది. కడ్డీ మొత్తానికి ఇవి సుమారు 2130.

ఇక ఆర్. ఎన్. ఏ. కడ్డీ నడిమి బోలుగా ఉన్నదని అమెరికా నుంచి వచ్చిన డోనాల్డ్ కాస్పార్ చూపాడు. ఆర్. ఎన్. ఏ. ఆ బోలులోనే ఉంటుందని ఊహించటం సహజం. రోసలిండ్ ఊహతో ఊరుకోలేదు. ఆర్. ఎన్. ఏ. ఉన్న కడ్డీలను, ఆర్. ఎన్. ఏ. లేకుండా ప్రోటీను మాత్రమే మళ్ళీ కూర్చిన కడ్డీలను ప్రక్కప్రక్కన పరీక్షించింది. మొదటి దానిలో ఉండి రెండవ దానిలో లేనిది ఏదో లెక్కకట్టి చూసింది. నడిమి నుంచి 4 భాగాల దూరంలో తేడా బయటపడింది. ఆర్. ఎన్. ఏ. బోలులో లేదు. ప్రోటీను ముక్కల నడుమ, వాటి మెలిని అనుసరించి, ఒంటి పేటగా చుట్టుకొని పొదిగి ఉన్నది. దండలో దారం పూలను పట్టి ఉంచినట్లు అది ముక్కలను కలుపుతున్నది. ఆ ముక్కలు తిరిగి దానిని చెడిపోకుండా కాపాడుతున్నవి. ఈ ఫలితం 1956 లో నేచర్ పత్రికలో వెలువడింది. ఒక వైరస్ తన వారసత్వాన్ని ఎట్లా మడిచి దాచుకొంటుందో మనిషి మొదటిసారిగా తెలుసుకొన్నది అప్పుడే.

బర్క్‌బెక్‌లో ఆమెకు తోడు కుదిరింది. 1954 లో దక్షిణాఫ్రికాలో పెరిగిన ఆరన్ క్లూగ్ అనే యువకుడు అక్కడ కలిశాడు. కెన్నెత్ హోమ్స్, జాన్ ఫించ్ విద్యార్థులుగా చేరారు. కింగ్స్‌లో ఎవరితోనూ పొసగని మనిషి అని పేరుపడిన రోసలిండ్ ఇక్కడ ఒక బృందానికి నాయకురాలయింది. క్రిక్ దంపతులతో సైతం ఆమెకు మంచి స్నేహం కుదిరింది. 1956 లో వారితో కలిసి స్పెయిన్ దేశం తిరిగి వచ్చింది. వాట్సన్‌తోనూ వైరస్‌ల విషయమై ఉత్తరప్రత్యుత్తరాలు జరిపింది. తనకు అన్యాయం జరిగిందని ఆమె కుమిలి కూర్చున్నట్లు ఎక్కడా కనపడదు.

కొరత పడినదల్లా డబ్బుకే. జీతాలకోసం, పరికరాలకోసం ఆమె ఏటేటా వ్యవసాయ పరిశోధన మండలిని అర్థించవలసి వచ్చేది. తన బృందంలోని వారికి భద్రత లేదని ఆమె దిగులు. చివరకు 1957 లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ మూడేళ్ళకు 10,000 పౌండ్ల సహాయం మంజూరు చేసింది.

అప్పటికి ఆమె ఆయువు మూడుతున్నది. 1956 వేసవిలో అమెరికాలో పర్యటిస్తుండగా కడుపులో నొప్పి మొదలయింది. సెప్టెంబరులో శస్త్రచికిత్స చేసి, అండాశయంలో కాన్సరు అని తేల్చారు. కోలుకొనే రోజులలో కొంతకాలం క్రిక్ దంపతుల ఇంట ఉన్నది. కాళ్ళమీద నిలబడగానే మళ్ళీ పరిశోధనాలయం. పిల్లలను అవిటివారిని చేసే పోలియో వైరస్‌ను 1957 లో చేపట్టింది. అదికూడా ఆర్. ఎన్. ఏ. వైరస్సే, కాని కడ్డీ గాక గుండ్రని బంతి. ప్రమాదకరమైన ఆ వైరస్‌ను తమ మేడలోకి తీసుకురావద్దని తోటివారు కొందరు అడ్డుచెప్పారు. దానిని భద్రపరచే ఏర్పాటు చూసుకొని, ఆమె పని సాగించింది.

1958 లో బ్రసెల్స్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరగవలసి ఉన్నది. పొగాకు వైరస్ నమూనా ఒకటి అయిదడుగుల ఎత్తున చేసి పంపవలసిందని ఆమెకు ఆహ్వానం వచ్చింది. ఆమె దానిని తయారు చేయించింది. ప్రదర్శన ఏప్రిల్ 17 వ తేదీన ప్రారంభమయింది. ముందురోజు, ఏప్రిల్ 16 వ తేదీన, లండను ఆసుపత్రిలో ఆమె కన్ను మూసింది. అప్పటికి ఆమెకు ముప్పయి ఎనిమిది నిండలేదు. తన ఆస్తిలో 3,000 పౌండ్లు క్లూగ్‌కు చెందేటట్లు వీలునామా వ్రాసి ఉంచింది. పని ఆగిపోరాదని ఆమె తపన.

పని ఆగలేదు. ఫించ్, క్లూగ్ 1959 లో పోలియో వైరస్ అమరికను ప్రకటించి, ఆ వ్యాసాన్ని ఆమె స్మృతికి అంకితం చేశారు. 1962 లో వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు నోబెల్ బహుమానం లభించింది. మరణించినవారిని ఆ బహుమానానికి ఎంపిక చేయరు. 1974 లో కేంబ్రిడ్జిలో క్లూగ్ బృందం ప్రోటీను తయారీలో తోడ్పడే ఒక ఆర్. ఎన్. ఏ. అణువు రూపాన్ని తేల్చింది. 1982 లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే ఏడు పొగాకు వైరస్ ఆర్. ఎన్. ఏ. లోని అక్షరాలన్నిటినీ వరుసగా చదివారు. మొత్తం 6395. ఒక్కొక్క ప్రోటీను ముక్క మూడేసి అక్షరాలను పొదివి పట్టుకొన్నదని దీనితో లెక్క సరిపోయింది. తరువాత జీవరాసుల దస్తావేజులను ఆసాంతం చదివే విద్య మహావృక్షంగా పెరిగింది. 2020 జనవరిలో కొత్త కరోనా వైరస్‌లోని సుమారు 30,000 ఆర్. ఎన్. ఏ. అక్షరాలను చదివి లోకానికి వెల్లడించారు. ఆ అక్షరాలను చూచుకొని ఆ ఏటనే టీకాలు తయారు చేయగలిగారు. ఆనాడు మన ఇళ్ళలో ఆత్మీయులను పోగొట్టుకొన్నవారికి, టీకా వేయించుకొని ఊపిరి పీల్చుకొన్నవారికి ఆర్. ఎన్. ఏ. అన్న మాట కొత్తగా పరిచయమయింది. ఆ మాట వెనుక ఉన్న దీర్ఘమైన కృషిలో ఒక తొలి అధ్యాయం, బర్క్‌బెక్ మేడపై గదిలో వ్రాసినది, రోసలిండ్‌ది.

ఆమె ప్రచురించిన వ్యాసాలను లెక్కపెట్టినవారు ఉన్నారు. బొగ్గు, కర్బనాలను గురించి 19, డి. ఎన్. ఏ. ను గురించి 5. వైరస్‌లను గురించి 21. లోకం ఆ అయిదింటిని గురించి వాదించుకొంటూ మిగిలిన నలభైని మరచిపోయింది. జరిగిన అన్యాయాన్ని కప్పిపుచ్చవలసిన పని లేదు. డి. ఎన్. ఏ. కథలో ఆమె వాటా ఆమెకు చెల్లవలసిందే. అయితే ఒక మనిషిని ఎంతకాలమైనా నష్టపోయిన మనిషిగానే చూపుతూ ఉండటం కూడా ఒక రకమైన చిన్నచూపే.

లండనులో విల్స్‌డెన్ యూదుల శ్మశానవాటికలో ఆమె సమాధి ఉన్నది. శాస్త్రజ్ఞురాలని, వైరస్‌లను గురించి ఆమె చేసిన పరిశోధనలు మానవజాతికి చిరకాలం మేలు చేసేవని దాని మీద చెక్కించారు. డి. ఎన్. ఏ. మాట అందులో లేదు. ఆమెను దగ్గరగా ఎరిగిన వారికి ఆమె ఎవరో బాగా తెలుసును. ఈ ఉగాదికి మన పిల్లలకు, ముఖ్యంగా శాస్త్రం చదవాలని ఉబలాటపడే ఆడపిల్లలకు, రోసలిండ్ ఫ్రాంక్లిన్ కథ చెప్పబోయే పెద్దలు కింగ్స్ కళాశాల దగ్గర ఆపివేయకుండా, బర్క్‌బెక్ దాకా తీసుకొని వెళ్ళవలెనని మనవి.